మూరెడు వైరు

పీరుగారు చదివింది తొమ్మిదో తరగతి. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి విజయవాడ ఆటోనగర్‌లో ఆయన పనిచేసే వర్క్‌షాపులో చేరిన రోజున, నేను గీసిన సర్క్యూట్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పనిచేస్తుందమ్మా హెప్సిబా. కానీ మే నెలలో పనిచెయ్యదు," అన్నారు. మే నెల వచ్చింది. లారీ క్యాబిన్‌లో పెట్టిన ఆ బోర్డు ఎండకి చచ్చిపోయింది. అప్పట్నించీ ఏం గీసినా ముందు ఆయనకే చూపించేదాన్ని.

మేం లారీలకి ట్రాకర్లు బిగించేవాళ్ళం. బండి ఎక్కడుందో ఓనరు ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. సెల్ టవర్లున్నంత మేర బాగానే పనిచేసేవి. 2008 ఎండాకాలంలో మాకు కొత్త పని వచ్చింది. ఈసారి లారీలకి కాదు, బందరు పక్కన గిలకలదిండి హార్బరులో పది చేపల బోట్లకి. ఒడ్డు వదిలి కాస్త దూరం పోతే అక్కడ ఏ టవరూ అందదు. అందుకని శాటిలైట్‌తో మాట్లాడే మోడెమ్‌ని బోటులో అమర్చాలి. అరచేతిలో పట్టేంత వస్తువు. మాటలు పంపదు, బోటు ఎక్కడుందో చెప్పే నాలుగంకెలు మాత్రం పంపుతుంది.

ఈ పని మీద నాకంటే పీరుగారికే ఎక్కువ ఆశ. ఆయన భార్య నజీమాగారి పుట్టిల్లు బందరు. పెళ్ళయిన కొత్తలో అత్తారింటికి వెళ్ళినప్పుడల్లా జెట్టీ మీద కూర్చుని బోటువాళ్ళ ట్రాన్సిస్టర్లు బాగుచేసేవారట. తుఫాను వార్తలు వినడానికి ప్రతి బోటులోనూ ఒకటుండేది. అలా పరిచయమైనవాడే జక్కయ్య. సొంత బోటు నడుపుకునే సరంగు. ఇరవయ్యేళ్ళ స్నేహం వాళ్ళది. రంజానుకి జక్కయ్య కుటుంబం వీళ్ళింటికి వచ్చేది, క్రిస్మస్‌కి వీళ్ళు వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళు.

"వాళ్ళ బ్యాటరీ మనం ముట్టుకోకూడదు," అన్నారు పీరుగారు మొదటిరోజే. "అది ఇంజను స్టార్ట్ చెయ్యాలి, లైట్లు వెలిగించాలి. మన పెట్టె ఆ బ్యాటరీ తాగిందా, రెండోరోజే పీకి సముద్రంలో పారేస్తారు. అందులో తప్పేం లేదు."

కాబట్టి పెట్టెకి దాని బ్యాటరీ దానికే ఉండాలి. పైన చిన్న సోలార్ పలక. మోడెమ్ ఒక్కసారి శాటిలైట్‌ని పిలిస్తే గుటుక్కున చాలా కరెంటు లాగేస్తుంది. ఊరికే మెలకువగా ఉన్నా తాగుతూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపేసి, ఒక చిన్న గడియారం చిప్‌ని మాత్రం మేలుకొలిపి ఉంచాం. అది మూడు గంటలకోసారి మోడెమ్‌ని లేపుతుంది. మోడెమ్ తానెక్కడుందో చెప్పి మళ్ళీ పడుకుంటుంది. ముసురు పట్టి వారంపాటు ఎండ లేకపోయినా బతికేలా చెయ్యడానికి మాకు రెండు నెలలు పట్టింది. కుదుపులకి తట్టుకుంటుందో లేదో చూడ్డానికి పీరుగారు ఆ పెట్టెని స్కూటర్ ముందు పెట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా తిప్పి తెచ్చేవారు. షెడ్డు పైకప్పు మీద ఉప్పునీళ్ళ డ్రమ్ములో నలభై రోజులు తేలనిచ్చారు. పొద్దున్నే పైకెక్కి చూసి, "పిల్లోడు బాగానే ఉన్నాడు," అంటూ దిగేవారు.

అప్పుడే ఆ వైరు గొడవ వచ్చింది.

నేను గీసిన బొమ్మలో పెట్టెలోంచి ఒక సన్నటి వైరు బయటికొచ్చి, క్యాబిన్ పైకప్పు కింద బోటు స్తంభానికి చుట్టుకుని మళ్ళీ లోపలికి పోతుంది. పెట్టె బోటు నుంచి ఊడిపోతే వైరు తెగుతుంది. తెగిందని తర్వాతి కబురులో మాకు తెలుస్తుంది. కానీ వైరు బయటికి రావాలంటే పెట్టెకి చిల్లు పెట్టాలి. ఆ చిల్లు దగ్గర ఎంత సీలు వేసినా డ్రమ్ములో ఉప్పునీరు చెమ్మలా దిగింది. చెమ్మ గుండా కరెంటు కారిపోయింది. ఎండ లేకుండా వారం బతకాల్సిన బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ అయింది.

"తీసేద్దాం," అన్నారు పీరుగారు. "చిల్లే లేకపోతే చెమ్మే లేదు."

"మరి పెట్టె బోటులోంచి ఊడిపోతే మనకెలా తెలుస్తుందండీ?"

"ఊడదమ్మా. నాలుగు స్టీలు బోల్టులు వేస్తున్నా. బోటు ముక్కలైతే తప్ప ఊడదు. ఒకవేళ పోయినా తేలుతుంది, లోపల థర్మాకోల్ కూరాను."

నేనింకా వాదించి ఉండొచ్చు. ఇంకో సీలు వెతుకుదాం, ఇంకో నెల ఆగుదాం అని ఉండొచ్చు. ఆయన మాట ఎప్పుడూ తప్పలేదు. బొమ్మలో ఆ వైరుని నేనే కొట్టేశాను.

ఆగస్టులో పెట్టెలు తీసుకుని బందరు బస్సెక్కాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి బందరు చేరి, అక్కణ్ణించి ఆటోలో హార్బరుకి. బోటు ఓనర్లెవరికీ ఇష్టం లేదు. మేం ఎక్కడ వేట చేస్తున్నామో పక్కోళ్ళకి తెలిసిపోదా అన్నాడొకాయన. జక్కయ్య నవ్వాడు. పొడుగాటి మనిషి, గళ్ళ లుంగీ, మెడలో చిన్న శిలువ.

"మొదటిది నా బోటుకి కొట్టు పీరూ. నువ్వు చేసింది కదా, నాకు చాలు," అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు. ఆ మాటకే మిగతా తొమ్మిదిమందీ ఒప్పుకున్నారు.

క్యాబిన్ పైకప్పు మీద, ఆకాశం బాగా కనిపించేచోట బిగించాం. బోల్టులు బిగిస్తుంటే కింద నుంచి జక్కయ్య తమ్ముడు యేసుకుమార్ పానాలు అందించాడు. మధ్యాహ్నం జక్కయ్య ఇంట్లోనే భోజనం. ఆయన భార్య రూతు చందువా చేపల పులుసు వడ్డిస్తూ పీరుగారిని అడిగింది.

"అన్నయ్యా, ఆ పెట్టెలోంచి ఆయన నాతో మాట్లాడొచ్చా?"

"లేదమ్మా. మాటలు పోవు. ఎక్కడున్నాడో మాత్రం చెబుతుంది."

"అంతే చాలు," అంది రూతు. "పదిహేడేళ్ళయింది నా పెళ్ళయి. ఆయన ఇప్పుడెక్కడున్నాడో నాకు ఒక్కనాడూ తెలీదు."

మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. మూడు గంటలకోసారి కంప్యూటర్ మీద పది చుక్కలు పడేవి. పీరుగారు ఆదివారాలు కూడా వచ్చి చూసుకునేవారు. రూతు సాయంత్రాలు కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసేది. ఒడ్డుకి ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాడమ్మా అని ఈయన చెప్పేవారు.

నవంబరులో వాయుగుండం పట్టింది. ఆదివారం వేటకి వెళ్ళిన బోట్లు హెచ్చరిక విని బుధవారం సాయంత్రానికి తిరుగుముఖం పట్టాయి. గురువారం పొద్దునకి తొమ్మిది బోట్లు హార్బరు చేరాయి. జక్కయ్యది రాలేదు.

కానీ చుక్క ఉంది. సముద్రంలో, ఉత్తరంగా, ఒడ్డుకి చాలా దూరంలో. మూడు గంటలకోసారి ఠంచనుగా పడుతోంది.

"ఇంజను ఆగిపోయి ఉంటుంది, కొట్టుకుపోతున్నాడు. అంతే, బతికే ఉన్నాడు," అన్నారు పీరుగారు. వెంటనే సముద్రంలో తప్పిపోయినవాళ్ళని గాలించే ఆఫీసుకి ఫోన్ చేసి అంకెలిచ్చారు. వాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడారు. ఓడ బయల్దేరుతోంది, ప్రతి చుక్కా మాకు చెబుతూ ఉండండి అన్నారు. ఇంతకుముందు బోటు తప్పిపోతే సముద్రమంతా వెతకాల్సి వచ్చేదట, ఇప్పుడు నేరుగా వెళ్ళొచ్చని సంతోషపడ్డారు.

మధ్యాహ్నానికి రూతు బస్సులో విజయవాడ వచ్చేసింది. కంప్యూటర్ ముందు స్టూలు వేశాం. ఒకవైపు పీరుగారు, ఒకవైపు నేను, మధ్యలో ఆమె. చుక్క పడినప్పుడల్లా రెండు చేతులూ జోడించి, "స్తోత్రం తండ్రీ," అనేది. రాత్రికి నజీమాగారు ఆమెని ఇంటికి తీసుకెళ్ళారు.

శుక్రవారం పొద్దున నేను వచ్చేసరికి పీరుగారు, రూతు అప్పటికే అక్కడున్నారు. తొమ్మిది గంటల చుక్క పడింది. నేను మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచాను. మూడు గంటల్లో తొమ్మిది కిలోమీటర్లు, గాలి తోస్తున్న ఉత్తరం వైపే, గీత గీసినట్టు. ఆ నెలల్లో మన తీరంలో నీళ్ళు దక్షిణానికి లాగుతాయని జక్కయ్యే మాకు చెప్పాడు. ఇంజను చచ్చిన బోటు, ఐసుతో, చేపలతో, నీళ్ళలో సగం మునిగి ఉండేది, నీళ్ళు పోయిన వైపు పోవాలి. గాలితోపాటు అంత వేగంగా పోయేది ఏదో తేలికైనది. నీళ్ళ పైన తేలేది.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు కూర్చున్నాను. రూతు నా పక్కన కూర్చుని పీరుగారిని అడుగుతోంది, "ఇంకెంత దూరం అన్నయ్యా ఓడకి?" ఆమె మొహం చూస్తూ ఆ మాట ఎలా అనను? నేను కొలిచింది తప్పేమో. ఇంకో చుక్క చూద్దాం అనుకున్నాను. పన్నెండింటి చుక్క పడింది. ఇంకొకటి చూద్దాం అనుకున్నాను. మూడింటి చుక్క కూడా అదే గీత మీద పడ్డాక పీరుగారిని షెడ్డు వెనక్కి పిలిచాను.

"బోటు కాదండీ అది. పెట్టె ఒక్కటే."

ఆయన ఏమీ అడగలేదు. లోపలికొచ్చి ఆఫీసుకి ఫోన్ చేశారు. ఓడ ఇప్పటికే దగ్గరికి వెళ్ళింది, అక్కడున్నదేంటో చూసి అప్పుడు తిరుగుతామన్నారు.

శనివారం పొద్దున పదిన్నరకి ఫోనొచ్చింది. పెట్టె దొరికింది. క్యాబిన్ పైకప్పు చెక్క ఒకటి, దానికి మా పెట్టె. నాలుగు బోల్టులూ బిగిసే ఉన్నాయట. పైకప్పే గాలికి లేచిపోయింది. పెట్టె అప్పటికీ పనిచేస్తోంది. చుట్టుపక్కల బోటు లేదు, మనుషులు లేరు.

పీరుగారు ఫోన్ పెట్టేసి లేచారు. తర్వాత రూతు ముందు నేలమీద కూర్చుని చెప్పారు. ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"పెట్టె దొరికితే ఆయనా అక్కడే ఉంటాడుగా," అంది.

"లేడమ్మా. పెట్టె వేరే అయిపోయింది. బోటు ఇంకెటో పోయింది."

"మరి ఈ రెండు రోజులూ మనం చూసింది?"



ఆ తర్వాత గాలింపు దక్షిణానికి మళ్ళించారు. మేఘాలు, వాన, అంత పెద్ద సముద్రం. ఈసారి వాళ్ళకి ఇవ్వడానికి మా దగ్గర ఏ అంకే లేదు. మరుసటి గురువారం, బోటు తప్పిపోయిన ఎనిమిదోరోజున, ప్రకాశం జిల్లా జాలర్లకి అది కనిపించింది. క్యాబిన్ లేని బోటు, సగం నీళ్ళతో. ఎక్కినవాళ్ళు ఐదుగురు, ప్రాణాలతో దొరికినవాళ్ళు ముగ్గురు. బోటులో పనిచేసే ఇశ్రాయేలు అనే కళాసీని మొదటిరోజే అల లాక్కుపోయింది. జక్కయ్య మంగళవారం చనిపోయాడు.

యేసుకుమార్‌ని ఒంగోలు ఆసుపత్రిలో పెట్టారు. పీరుగారు, నేను వెళ్ళాం. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, మంచానికి అతుక్కున్నట్టున్నాడు. మమ్మల్ని చూసి తనే చెప్పడం మొదలెట్టాడు.

"పైకప్పు లేచినప్పుడు దుంగ వచ్చి అన్న రొమ్ముకి కొట్టింది పీరన్నా. ఊపిరి తీస్తే నొప్పని పడుకునే ఉన్నాడు. తాగే నీళ్ళ డ్రమ్ము పోయింది. వాన పట్టిన నీళ్ళు ముందు మాకే తాగమనేవాడు. పెట్టె పోయిందిరా, ఇంక మనమెక్కడున్నామో ఎవరికీ తెలీదని నేనేడిస్తే తిట్టాడు."

"ఏమన్నాడు?" అడిగారు పీరుగారు.

"పెట్టె ఊడిపోయిందని పీరుకి తెలిసిపోద్దిరా, అన్నాడు. ఎక్కడ ఊడిందో అక్కణ్ణించి వెతుకుతారు, మీరు ఊరికే కంగారు పడకండి, అన్నాడు. శుక్రవారం పొద్దున, పది అయ్యుంటుంది, ఓడ కనబడింది. చాలా దూరంలో. లుంగీలిప్పి ఊపాం. అరిచాం. అది తిన్నగా ఉత్తరానికి పోయింది. అన్నని లేపి కూర్చోబెట్టాను, చూశాడు. మనకోసమే తిరుగుతోందిరా, మళ్ళీ వస్తుంది, అన్నాడు."

పీరుగారు మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. శుక్రవారం తొమ్మిదింటికి నేను స్కేలు పెట్టి కొలిచాను. పదింటికి ఓడ వాళ్ళ ముందు నుంచి పోయింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

జక్కయ్య శరీరాన్ని గిలకలదిండి తెచ్చారు. సమాధి కార్యక్రమమంతా పీరుగారు దూరంగా, గోడ పక్కన నిలబడ్డారు. పదిరోజుల తర్వాత రూతు ఇంటికి వెళ్ళాలి, నువ్వూ రా అమ్మా అన్నారు. వెళ్ళాం. ఆమె వాకిట్లో వల ముక్క ఒకటి విప్పుతూ కూర్చుంది. లేచి మంచం వాల్చింది. పీరుగారు కూర్చోలేదు.

"నీకొక మాట చెప్పాలమ్మా. పెట్టె బోటు నుంచి ఊడితే మాకు తెలిసే ఏర్పాటు ముందు ఉంది. ఒక వైరు. ఈ అమ్మాయి పెట్టమంది. నేనే తీయించాను. కరెంటు కారిపోతోందని. ఆ వైరు ఉండుంటే మొదటిరోజే దక్షిణానికి వెతికేవాళ్ళు."

నేనేదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

రూతు చేతిలో వల దారంతోనే ఆయన వైపు తిరిగింది. ఏడవలేదు.

"ఆ వైరు ఎంత పొడుగుంటుందన్నయ్యా?"

"మూరెడు."

"మూరెడు," అంది ఆమె. చేతిలో ఉన్న వల దారాన్ని చూసుకుంది. దాన్ని మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకసారి కొలిచి, వదిలేసింది.

తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు కావాలని చెయ్యలేదు. నాకు తెలుసు. ఆయన ఉంటే నిన్ను ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. కానీ నిన్ను చూస్తే నాకు ఆ కంప్యూటరే కనబడుతుంది. స్తోత్రం స్తోత్రం అంటూ చెక్కముక్కకి దండం పెట్టాను నేను. ఇంక మా ఇంటికి రాకన్నయ్యా."

ఆయన తలూపారు. వాకిట్లోంచి రోడ్డెక్కేదాకా వెనక్కి చూడలేదు. బస్సులో ఉయ్యూరు దాటాక, చక్కెర ఫ్యాక్టరీ వాసన కిటికీలోంచి కొడుతుంటే, మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. పక్క సీటాయన వాసన పడలేదనుకుని కిటికీ మూశాడు. రుమాలు వెనక ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి, విజయవాడ వచ్చేదాకా.

మిగిలిన తొమ్మిది పెట్టెలకీ వైరు బదులు వేరే దారి ఆయనే కనిపెట్టారు. చిల్లు అవసరం లేదు. పెట్టెలో చిన్న స్విచ్చి, పైకప్పు కింద బోటు స్తంభానికి ఒక అయస్కాంతం. పెట్టె ఒక్కటే ఊడినా, పైకప్పుతో సహా లేచిపోయినా స్విచ్చి తెరుచుకుంటుంది. చెమ్మ దిగదు, కరెంటు కారదు. పన్నెండు రోజుల్లో చేశారు. తొమ్మిదీ పూర్తయ్యాక, ఇంత సులువుగా అయ్యేది ముందే ఎందుకు తట్టలేదమ్మా అని అడిగారు. మర్నాటి నుంచి పనికి రావడం మానేశారు.

వాటిని బిగించడానికి నేనొక్కదాన్నే హార్బరుకి వెళ్ళాను. యేసుకుమార్ అప్పటికి ఇంకొకరి బోటులో పనికి కుదిరాడు. నన్ను పక్కకి జరగమని, తనే పైకెక్కి, బిగించిన పెట్టెని విప్పి చేత్తో పట్టుకుని, "ఇప్పుడు విజయవాడకి ఫోన్ చేసి అడగండి, ఊడిందని తెలిసిందో లేదో," అన్నాడు. తర్వాతి కబురు వచ్చేదాకా రెండున్నర గంటలు, ఎండలో, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెలిసిందని చెప్పాక మళ్ళీ బిగించమన్నాడు.

మరుసటి ఏడాది మార్చిలో పీరుగారిని చూడ్డానికి కంకిపాడు వెళ్ళాను. నజీమాగారి తమ్ముడు కరిముల్లాకి అక్కడ మోటారు వైండింగ్ షాపుంది. పొలాల్లో కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టే పని. పీరుగారు కింద కూర్చుని తీగ చుడుతున్నారు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి సంతోషించారు, టీ తెప్పించారు. నా బ్యాగులో కొత్త మోడెమ్ ఉంది, ఏదో సందేహం అడుగుదామని తెచ్చాను. బయటికి తీశాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

అప్పుడు చెప్పాను. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే నాకు తెలిసిందని, మూడింటిదాకా నోరు విప్పలేదని, ఆ మధ్యలోనే ఓడ వెళ్ళిపోయిందని. నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పలేదని.

ఆయన తీగ చుట్టడం ఆపారు.

"నాకు ఆరింటి చుక్కకే తెలిసిందమ్మా," అన్నారు. "నువ్వు రాకముందే. రూతు నా పక్కనే కూర్చుని ఉంది. పొద్దున్నే ఏమీ తినలేదు. బన్ను తెప్పించి, తిను, జక్కయ్య వచ్చేస్తాడు అన్నాను. అప్పుడే తినడం మొదలెట్టింది. తింటున్న మనిషికి ఎలా చెప్పను? నువ్వు షెడ్డు వెనక్కి పిలిచినప్పుడు, నువ్వైనా చెప్పావు అనుకున్నా."

షాపు ముందు ఎవరో రైతు ట్రాక్టరు మీంచి మోటారు దింపుతున్నాడు. కరిముల్లా సాయానికి వెళ్ళాడు.

"రూతుని చూశావా?" అడిగారు కాసేపయ్యాక.

"హార్బరుకి వెళ్ళానండీ. వాళ్ళింటికి వెళ్ళలేకపోయాను."

ఆయన తలూపి, తీగ మళ్ళీ చుట్టడం మొదలుపెట్టారు.